మాటకీ మాటకీ మధ్య

మైకు పని చెయ్యట్లేదని మా షాపుకి వచ్చేవాళ్ళలో సగంమంది స్విచ్చు వెయ్యడం మర్చిపోయినవాళ్ళే. మిగతావాళ్ళలో ఎక్కువమందికి వైరు లోపల తెగి ఉంటుంది. ఇంకా ఎవరైనా మిగిలితే, కంప్యూటర్లో ఏదో ఒకటి తప్పు నొక్కేసి, నేనేం ముట్టుకోలేదండీ అంటారు. వీటిని దాటిన రోగం నేనెప్పుడూ చూడలేదు. అందుకే ఈ పనంటే నాకిష్టం. చప్పుడన్నది ఎక్కడో ఒకచోట పుడుతుంది, ఒక దారిన వస్తుంది, ఒకచోట బయటపడుతుంది. ఆ దారి పట్టుకుని వెనక్కి నడిస్తే పుట్టినచోటు దొరికి తీరుతుంది. ఓపిక ఉండాలంతే.

ఆరోజు మధ్యాహ్నం నుంచీ ముసురు. షాపులో ఈగ కూడా లేదు. నేను బల్ల మీద ఒక పాత మైకు విప్పి, తెగిన వైరుకి అతుకు వేస్తున్నాను. ఫోన్ మోగింది. చూస్తే బావ.

అక్క పోయాక బావ నాకు ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను.

"పొట్టీ, పనిలో ఉన్నావా?"

ఆ పిలుపుకే ఒళ్ళు మండింది. పెళ్ళైన కొత్తలో బావ నాకు పెట్టిన పేరది. అక్క మాత్రం నన్నెప్పుడూ చెల్లీ అనే పిలిచేది, కానీ ఆ పేరుకి తను నవ్వింది కాబట్టి అప్పట్లో నేనూ నవ్వాను.

"చెప్పండి."

అక్క ఉన్నన్నాళ్ళూ బావని 'నువ్వు' అనేదాన్ని. హాస్పిటల్ వరండాలో నలుగురి ముందూ గొడవైన దగ్గర్నుంచీ 'మీరు'. గౌరవం పెరిగి కాదు.

"మైకు తేడా చేస్తోంది. మాటకీ మాటకీ మధ్య ఏదో చప్పుడు పడుతోంది. నాకు తెలిసినవన్నీ చేసి చూశాను. ఒక్కసారి వచ్చి చూడవా?"

"ఈ పని చేసేవాళ్ళు ఇంకెవరూ దొరకలేదా మీకు?"

"బయటివాళ్ళని పిలవలేను. నువ్వే రావాలి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ అక్క రికార్డింగులు కావాలని పదో రోజున అడిగావుగా. వచ్చి ఇది బాగుచెయ్యి. మొత్తం ఇచ్చేస్తాను."

అదీ బావ వరస. చెల్లెలికి అక్క గొంతు ఇవ్వడానికి కూడా బేరమే.

షాపు షట్టరు దించి బయల్దేరాను. వెళ్ళకుండా ఉండగలిగితే బావుండేది. కానీ నాకు ఆ గొంతు కావాలి.

అక్క పిల్లలకి కథలు చదివేది. ఇంట్లోనే ఒక చిన్న గది, అందులో ఒక మైకు, ఒక కంప్యూటరు. తను చదివేది, బావ దాన్ని కత్తిరించి, అతికించి, నెట్‌లో పెట్టేవాడు. ఎక్కడెక్కడి పిల్లలో ఆవిడ గొంతు వింటేగానీ కళ్ళు మూసేవాళ్ళు కాదు. ఎంత పేరొచ్చినా అక్కకి మాత్రం మైకు ముందు కూర్చున్న ప్రతిసారీ మొదటిసారి కూర్చున్నంత భయం. చీర కొంగుతో అరచేతులు తుడుచుకునేది.

అలాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. డాక్టరు మాట్లాడటం పూర్తిగా మానెయ్యమన్నాడు. వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నాడు. మనిషి దక్కుతుంది, గొంతు మాత్రం ఇలా ఉండదు అని కూడా చెప్పాడు. "అయితే ముందు ఆ గొంతేదో దాచుకుందాం" అన్నది బావే. అక్కని ఆ గదిలో కూర్చోబెట్టి చదివించాడు. కథలే కాదు, ఒకదానికొకటి పొంతన లేని వాక్యాలు, పేర్లు, తిథులు, ప్రశ్నలు, నవ్వులు. ఎందుకని నేనడిగితే, "ఉంటాయి కదా, ఉండనీ" అన్నాడు. ఆపరేషన్ వాయిదా పడింది. మళ్ళీ పడింది. చివరికి డాక్టర్లే ఇక చెయ్యడానికేం లేదన్నారు. ఆఖరి రోజుల్లో అక్క నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. ఉమ్మి మింగడానికి కూడా కళ్ళు గట్టిగా మూసుకునేది.

అక్క పోయిన సంగతి వినేవాళ్ళకి బావ చెప్పలేదు. కథలు వస్తూనే ఉన్నాయి. ముందే చదివి పెట్టినవి ఒక్కొక్కటే వదులుతున్నాడనుకున్నాను. నేనూ వినేదాన్ని. ఫోన్ దిండు పక్కన పెట్టుకుని, దుప్పటి తల మీదికి లాక్కుని, ఆ గొంతు వింటూ ఏడ్చి, ఆ గొంతులోనే నిద్రపోయేదాన్ని. అక్క నాకు మిగిల్చి పోయింది అదొక్కటే అనుకునేదాన్ని.

బావ తలుపు తీశాడు. సగానికి సగం చిక్కిపోయాడు. జాలి పడాలని నాకనిపించలేదు.

"టీ పెట్టనా?"

"వద్దు. మైకు ఎక్కడ?"

గది అలాగే ఉంది. కిటికీ లేదు. నాలుగు గోడలకీ మందపాటి స్పాంజీ, దాని మీద పాత బొంతలు వేలాడదీసి ఉన్నాయి. తలుపు మూస్తే వాన చప్పుడు కత్తితో కోసినట్టు ఆగిపోయింది. ఇలాంటి గదుల్లో పని చెయ్యడం నాకలవాటే. అయినా మొదటి క్షణం చెవులు దిబ్బెళ్ళు పడ్డట్టుంటుంది. మన గుండె చప్పుడు మనకే వినిపిస్తుంది. గాలాడని గుడ్డల వాసన, దుమ్ము పట్టిన స్పాంజీ వాసన, వాటి వెనక సన్నగా ఇంకో వాసన. గొంతు మంటకి అక్క చప్పరించే బిళ్ళల వాసన. ఇన్నాళ్ళయినా పోలేదే అనుకున్నాను. పాత వాసనలా లేదు. ఎవరో ఇప్పుడే నోట్లో వేసుకున్నట్టు చల్లగా ఉంది.

"ముందు నీకొకటి చూపించాలి. అరవకు" అన్నాడు బావ.

మైకు ముందు కూర్చుని కంప్యూటర్లో ఏదో నొక్కాడు. మైకులోకి వంగి, నాకు సరిగ్గా వినపడనంత మెల్లగా పెదాలు కదిపాడు.

గది మూలనున్న స్పీకర్లలోంచి అక్క అంది: "రా పొట్టీ, కూర్చో. తల తడిసిపోయింది, తుడుచుకో."

నేను కూర్చోలేదు. గోడ పట్టుకున్నాను. బొంత చేతిలోకి నలిగి వచ్చింది.

అక్కే. 'తుడుచుకో' అన్నప్పుడు చివర కాస్త సాగదీసే అలవాటుతో సహా అక్కే.

"గొంతు మార్చే ప్రోగ్రామ్. మీ అక్క చదివినవన్నీ దానికి నేర్పాను. నేనేం మాట్లాడినా తన గొంతులో వస్తుంది" అన్నాడు. చెప్పేటప్పుడు అతని కళ్ళలో ఒక మెరుపు. పనిమంతుడి మెరుపు.

"ఎన్నాళ్ళుగా?" అన్నాను.

"తను పోయిన వారానికే మొదలుపెట్టాను. వినేవాళ్ళు అడుగుతున్నారు పొట్టీ. ఏం చెప్పను వాళ్ళకి?"

"పోయిందని చెప్పాలి."

బావ ఏం మాట్లాడలేదు.

అప్పటికిగానీ నాకు తట్టలేదు. ఇన్నాళ్ళూ నా దిండు పక్కన ఉన్నది అక్క కాదు. ఈ మనిషి. నేను ఏడ్చింది ఇతని మాటలకి, నిద్రపోయింది ఇతని ఊపిరికి. ఆ క్షణంలోనే వెళ్ళిపోవాల్సింది. కానీ వచ్చింది దేనికి?

"రికార్డింగులు ముందు ఇవ్వండి. తర్వాతే మైకు సంగతి."

నా దగ్గరున్న డిస్కు తగిలించి, అక్క చదివినవన్నీ దాంట్లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. చాలా ఉన్నాయి. మెల్లగా ఎక్కుతున్నాయి. అవి ఎక్కేలోపు పని కానిచ్చేద్దామని బావని పక్కకి జరగమన్నాను.

"ఏది, మీరు చెప్పిన చప్పుడు?"

నిన్న చేసిన కథ పెట్టాడు. చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాను. ఒక కుందేలు, ఒక నక్క, ఏదో కథ. అక్క గొంతు ముద్దుగా చెప్పుకుపోతోంది. ఒక వాక్యం అయింది. తర్వాతి వాక్యానికి ముందు చిన్న ఖాళీ. ఆ ఖాళీలో...

ఊపిరి.

మామూలు ఊపిరి కాదు. బరువు మోస్తూ మెట్లెక్కే మనిషి మలుపులో ఆగి పీల్చుకునేలాంటిది. మళ్ళీ వాక్యం. మళ్ళీ ఖాళీ. మళ్ళీ ఊపిరి. కథ ముందుకెళ్ళేకొద్దీ అది పెద్దదవుతోంది.

నాకు భయం వెయ్యలేదు. ఇలాంటివి మాకు మామూలే. "ఇదేం కాదు. ఈ ప్రోగ్రామ్‌కి ఏ చప్పుడిచ్చినా గొంతుగానే మారుస్తుంది. కంప్యూటరు ఫ్యాను గాలి మైకులో పడుతోంది. దాన్ని కూడా ఊపిరి చేసి చూపిస్తోంది" అన్నాను.

బావ మొహం కాస్త తేటపడింది. "అంతేనంటావా?"

"అంతే."

చిన్న చప్పుళ్ళకి అడ్డుకట్ట వేసే సెట్టింగు ఒకటుంటుంది. గట్టిగా మాట్లాడితేనే తలుపులా తెరుచుకుంటుంది, లేకపోతే మూసుకుంటుంది. అది పెట్టాను. బావని మాట్లాడమన్నాను. మాట్లాడాడు. ఖాళీలో ఊపిరి అలాగే ఉంది.

వైరు మార్చాను. ఉంది. మైకే తీసేసి, నేను తెచ్చిన మైకు పెట్టాను. ఉంది. కంప్యూటరు పొరపాటున ఇంకేదైనా మైకు వింటోందేమో చూశాను. లేదు. స్పీకర్ల చప్పుడే తిరిగి మైకులో పడుతోందేమోనని స్పీకర్లు ఆపేసి హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. ఉంది. గొంతు మార్చడం ఆపేసి బావ గొంతు ఉన్నదున్నట్టు విన్నాను. మాటకీ మాటకీ మధ్య నిశ్శబ్దం, అద్దంలా శుభ్రంగా. మళ్ళీ ఆన్ చేశాను.

ఊపిరి.

ఇక మిగిలింది ఒక్కటే. మైకు పూర్తిగా పీకేశాను. తెర మీద చప్పుడు చూపించే పచ్చగీత నేల మీద పడుకున్నట్టు చదునుగా అయిపోయింది. హమ్మయ్య అనుకునేలోపే... కొద్దిగా లేచింది. పడింది. మళ్ళీ లేచింది. నిద్రపోయేవాళ్ళ ఛాతీలాగా.

వైరు చివర నా చేతిలో ఉంది. దానికేదీ తగిలించి లేదు.

నేను బావకేసి చూడలేదు. మొహంలో ఏముందో అతనికి కనిపించకూడదనుకున్నాను. మైకు మళ్ళీ తగిలించి, స్పీకర్లు ఆన్ చేసి, ఈసారి నేనే వంగి మాట్లాడాను.

"హలో... హలో... మైక్ టెస్టింగ్..."

"హలో... హలో... మైక్ టెస్టింగ్..." అంది అక్క.

అది వినగానే ఏం చేస్తున్నానో తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది.

"అక్కా. నువ్వేనా?"

"అక్కా. నువ్వేనా?" అంది అక్క.

ఆ తర్వాత... మింగిన చప్పుడు.

ఎండిపోయిన గొంతులోంచి ముల్లు దిగుతున్నట్టు, మెల్లగా, ఆగి ఆగి. ఆ చప్పుడు నాకు తెలుసు. హాస్పిటల్లో మంచం పక్కన కూర్చుని రోజుల తరబడి విన్నాను. అది వింటే చాలు, అక్క కళ్ళు గట్టిగా మూసుకుని ఉంటుందని చూడకుండానే చెప్పగలను.

అప్పుడు అర్థమైంది. అర్థమైందనుకోవడం కూడా ఇష్టం లేక తోసేశాను గానీ, అర్థమైంది. మేమేం మాట్లాడినా అది అక్క మాట్లాడాల్సి వస్తోంది. ప్రతి మాటా. నువ్వేనా అని అడిగితే ఆ ప్రశ్న కూడా తనే మోయాలి. కుందేలూ నక్కా కథలన్నీ తనే మోసింది. రాత్రిళ్ళు నేను హాయిగా నిద్రపోయిన ప్రతి కథా, ఆ గొంతుతోనే... ఆ మంటతోనే...

నేను మైకుకి దూరంగా జరిగాను. ఇక దాని ముందు నోరు విప్పాలనిపించలేదు.

"ఏమైంది?" అన్నాడు బావ గుసగుసగా.

మైకు స్విచ్చు ఆపేశాను. "దీనికి నేర్పింది ఏ రికార్డింగులతో? అక్క చదివినవి కత్తిరించకుండా అలాగే పెట్టేశారా?"

"మొత్తం పెట్టాను. ఎంత ఎక్కువ పెడితే అంత బాగా వస్తుంది."

అదీ సంగతి, చదువుతూ మధ్యలో ఆయాసపడ్డవన్నీ ఇది నేర్చేసుకుంది. నాకు నేనే చెప్పుకున్నాను. మైకు లేకపోయినా గీత ఎందుకు లేచిందో దానికి జవాబు కాదని తెలిసీ చెప్పుకున్నాను. ఒక రికార్డింగు తెరిచాను. ఆఖరి రోజులది.

అక్క ఏదో చదువుతోంది. గొంతు అప్పటికే గరుకెక్కింది. మధ్యలో ఆగింది.

"మంట పుడుతోందండీ."

దూరంగా బావ గొంతు. "తెలుసు. ఈ పేజీ అవనీ. ఆపేద్దాం."

"డాక్టరుగారు వద్దన్నారు కదండీ..."

"డాక్టరు వినేవాళ్ళకి సమాధానం చెప్తాడా? చదువు. అదిగో, గొంతు మళ్ళీ బాగానే వస్తోంది."

కాగితం తిప్పిన చప్పుడు. అక్క చదవడం మొదలుపెట్టింది. ఆ పేజీ అయింది. ఇంకో కాగితం తిప్పిన చప్పుడు. ఇంకోటి.

హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాను. తనే పట్టుబట్టి చదివిందని, తనే వాయిదా వేయించిందని, ఈ మనిషి హాస్పిటల్లో మా అందరి ముందూ ప్రమాణం చేశాడు. నేనొక్కదాన్నే నమ్మలేదు. అందుకు నన్నే అందరూ తిట్టారు. కట్టుకున్నవాడు బాధలో ఉంటే దెప్పుతావేంటే అన్నారు.

"బావా."

"తనకీ ఇష్టమే పొట్టీ. నిజంగా. తన గొంతు ఉండిపోవాలని తనకీ ఉండేది."

బల్ల మీద గుద్ది లేచిపోదామనుకున్నాను. డిస్కులోకి ఇంకా కొంచెం ఎక్కాలి. ఆ కొంచెం కోసం కూర్చున్నాను. కూర్చుని తెర మీద అదీ ఇదీ చూస్తుంటే, కథల పక్కన ఇంకో ఫోల్డరు కనిపించింది. పేరు లేదు. ఒకే రకం ఫైళ్ళు బారుగా ఉన్నాయి.

"అది తెరవకు" అన్నాడు బావ. లేచి నిలబడ్డాడు. "అది కథలది కాదు. పొట్టీ, నీకు దణ్ణం పెడతాను."

తెరిచాను.

ఆ ప్రోగ్రామ్ రెండూ దాచుకుంటుంది. పైన గీత మాట్లాడినవాళ్ళ అసలు గొంతు. కింద గీత మార్చిన గొంతు. ముందు పైది విన్నాను. బావ. ఏడుస్తున్నాడు. ఏడుస్తూ, ఆడమనిషి మాట్లాడే తీరులో అంటున్నాడు:

"నాకు మీమీద కోపం లేదండీ."

కిందది విన్నాను. అదే మాట, అక్క గొంతులో. "నాకు మీమీద కోపం లేదండీ."

ఇంకో ఫైలు. "మీరు నా మంచికే చేశారు. నాకు మీమీద కోపం లేదండీ." ఇంకోటి. "ఎందుకంత బాధపడతారు? నాకు మీమీద కోపం లేదండీ." ఇంకోటి. ఇంకోటి. కథలకన్నా ఇవే ఎక్కువ. చచ్చిపోయిన పెళ్ళాం నోట తన క్షమాపణ తనే పలికించుకుని, పక్కన కూర్చుని విని, కళ్ళు తుడుచుకుని పడుకునేవాడన్నమాట.

అసహ్యం వేసింది. జాలి కూడా వేసింది. జాలి వేసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు గమనించాను. పై గీత మాట అవగానే చదునుగా అయిపోతోంది. అక్కడ బావ ఏం మాట్లాడలేదు. కింద గీత మాత్రం... అదే చోట, మాట అయ్యాక, చిన్నగా లేస్తోంది. ఒక్క ఎగుడు. ప్రతి ఫైల్లోనూ. అదే చోట.

చప్పుడు పూర్తిగా పెంచి, అక్కడ పెట్టాను.

"నాకు మీమీద కోపం లేదండీ."

ఖాళీ.

ఊపిరి.

"...ఉంది."

ముందు నా భ్రమ అనుకున్నాను. మళ్ళీ పెట్టాను.

"...ఉంది."

ఇంకో ఫైలు. ఇంకో రోజుది.

"...ఉంది."

చల్లటి బిళ్ళల వాసన ఒక్కసారిగా ముక్కుకి తగిలింది. నా భుజం మీదుగా ఎవరో వంగి తెర చూస్తున్నట్టు. నేను కదల్లేదు. మెడ తిప్పలేదు.

"అదే" అన్నాడు బావ. "ఆ చప్పుడే. ఊపిరీ అదీ ఉన్నా పర్వాలేదు. నేను సర్దుకుంటాను. అదొక్కటీ తీసెయ్యి. అందుకే పిలిచాను నిన్ను."

"తీసెయ్యడానికి రాదు."

"వస్తుంది. నీకొచ్చు. ఏదో ఒకటి నొక్కితే పోతుంది."

"ఇది మైకు రోగం కాదు బావా. తను చెప్తోంది. విను."

"తను అలా అనదు!" అరిచాడు. ఆ గదిలో అరుపు గోడల్లోకి ఇంకిపోయి, నోటి దగ్గరే చచ్చిపోయినట్టుంది. నన్ను పక్కకి తోసి మైకు స్విచ్చు వేశాడు. దాన్ని రెండు చేతులతో గొంతు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"చెప్పు. కోపం లేదని చెప్పు."

"చెప్పు. కోపం లేదని చెప్పు" అంది స్పీకర్లలో అక్క. గరుకుగా. ఆఖరి రోజుల గొంతు.

"ఆపు బావా. తనకి నొప్పి పుడుతోంది."

"కోపం లేదు. కోపం లేదు. కోపం లేదు."

"కోపం లేదు... కోపం లే... కో..."

చీలిపోతోంది ఆ గొంతు. గుడ్డ చిరిగినట్టు. మధ్యలో ఆయాసం. మింగిన చప్పుడు. మళ్ళీ మాట. నేను వైరు పట్టి లాగేశాను. మైకు ఊడి బావ చేతుల్లోనే ఉండిపోయింది. అతనది చూసుకోలేదు. ఊడిన మైకులోకే అంటున్నాడు, కోపం లేదు, కోపం లేదు. స్పీకర్లు అంటూనే ఉన్నాయి.

వైరు నేల మీద ఉంది.

అప్పుడు బావ కూడా చూశాడు. ఆగిపోయాడు. నోరు మూసుకున్నాడు.

స్పీకర్లు ఆగలేదు.

"చాలు..."

మా ఇద్దరిలో ఎవరమూ ఆ మాట అనలేదు.

"చాలు... చాలు... చాలు..."

గోడ దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి మెయిన్ స్విచ్చు కొట్టేశాను.

చీకటి. ఆ గదిలో చీకటంటే కళ్ళు మూసినా తెరిచినా ఒకటే. స్పీకర్లు చచ్చిపోయాయి. ఫ్యాను ఆగిపోయింది. ఏ చప్పుడూ లేదు. నా గుండె చప్పుడు ఒక్కటే చెవుల్లో.

తర్వాత... మింగిన చప్పుడు.

స్పీకర్లు ఉన్న మూల నుంచి కాదు. బావ కూర్చున్న చోట నుంచి.

"బావా?"

ఫోన్ తీసి లైటు వేశాను. బావ కుర్చీలోనే ఉన్నాడు. ఒక చెయ్యి గొంతు మీద. నోరు తెరిచి ఉంది. పెదాలు కదులుతున్నాయి. 'పొట్టీ' అంటున్నాడని పెదాల్ని బట్టి తెలుస్తోంది. చప్పుడు లేదు. గాలి కూడా లేదు. మళ్ళీ కదిపాడు. కళ్ళు గట్టిగా మూసుకుని మింగాడు.

ఏడుపు గొంతుకి అడ్డం పడిందనుకున్నాను. పడనీ అనుకున్నాను. అక్క కూడా ఇలాగే పెదాలు కదిపేది. అప్పుడు ఈ మనిషి ఏనాడైనా చెవి దగ్గర పెట్టి విన్నాడా?

డిస్కు పీక్కున్నాను. ఎంత ఎక్కిందో చూడలేదు. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు మంచులా ఉన్నాయి. విడిపించుకున్నాను. తలుపు తీసి, హాల్లోంచి, మెట్ల మీదుగా రోడ్డు మీద పడేదాకా ఆగలేదు.

బయట వాన వెలిసింది. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళు, కూరల సంచులు, నీళ్ళు చిమ్ముకుంటూ పోయే బళ్ళు. ఎవరో ఒకాయన ఫోన్లో భార్యతో పాలు తేవాలా వద్దా అని వాదించుకుంటున్నాడు. ఆ మామూలు గొడవ వింటూ నడిచాను. ఆ డిస్కు ఇంటికి తీసుకెళ్ళి ఏం చేస్తాను? వింటానా? వింటే అది వినడమేనా, మళ్ళీ తనచేత మాట్లాడించడమా? రోడ్డు దాటి బస్టాపు దగ్గరికి వచ్చాను, దాని పక్కన పెద్ద మురుగు కాలవ ఉంది. వాన నీళ్ళతో ఉరకలేస్తోంది. డిస్కు అందులో పడేశాను. ఇంత దూరం దేనికోసం వచ్చానో అది బుడుంగుమని మునిగిపోయింది. నాకు ఏడుపు కూడా రాలేదు.

ఫోన్ మోగింది. బావ నంబరు.

గొంతు వచ్చిందన్నమాట, ఇక మొదలుపెడతాడు అనుకుంటూ ఎత్తాను.

"వెళ్ళిపోతున్నావా?"

బావ గొంతే. కానీ అతనంత నిదానంగా, అంత తేటగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఎన్నో రోజుల తర్వాత నొప్పి లేకుండా మాట్లాడే మనిషిలా ఉంది.

తల ఎత్తి చూశాను. రోడ్డుకి అవతల, వాళ్ళ బాల్కనీలో బావ నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ ఊచల్ని పట్టుకుని ఉన్నాయి. చేతుల్లో ఏమీ లేదు. నోరు మూసుకుని ఉంది. నన్నే చూస్తూ, వద్దు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

నా చెవిలో బావ గొంతు మెల్లగా అంది:

"అదిగో, బస్సొచ్చేసింది. ఎక్కెయ్యి చెల్లీ. నాకిక్కడ ఇంకా కాస్త పనుంది."